పాత లగ్జరీ ఎస్‌యూవీల బ్రేకులు: మీటరు చూపించని అరుగుదల

సెకండ్ హ్యాండ్ కార్ల ప్రకటనల్లో పాత లగ్జరీ ఎస్‌యూవీ కనిపిస్తే దాని పక్కన ఒక మాట తప్పకుండా ఉంటుంది: "సింగిల్ ఓనర్, 55 వేలే తిరిగింది, షోరూమ్ కండిషన్." పదిహేనేళ్ల బండి అంత తక్కువ తిరిగిందంటే కొనేవాళ్లు సగం అక్కడే పడిపోతారు. ఇంజను, గేర్‌బాక్సు విషయంలో ఆ సంబరానికి కొంత అర్థముంది. బ్రేకుల విషయంలో మాత్రం ఆ అంకె దాదాపు ఏమీ చెప్పదు. ప్యాడ్లు, డిస్కులు తిరిగినకొద్దీ అరుగుతాయి, నిజమే. వాటిని చూసి మార్చడం ఏ షెడ్డులోనైనా అయ్యే పని. ప్రాణం మీదికి తెచ్చేవి వేరే ఉన్నాయి: బ్రేక్ ఆయిల్, రబ్బరు హోస్ పైపులు, మాస్టర్ సిలిండర్ సీళ్లు, బూస్టర్ డబ్బా. ఇవి షెడ్డులో కవర్ కప్పి నిలబెట్టిన బండిలోనూ పాడవుతూనే ఉంటాయి. వాటిని తినేది కాలమే.

ఈ బండ్లు మన దగ్గర ఇంత చవగ్గా దొరకడానికి ఒక కారణం ఢిల్లీ. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015 నుంచి ఆంక్షల గొడవ నడుస్తోంది. దాంతో ఎన్ఓసీ (వేరే రాష్ట్రంలో రిజిస్టర్ చేసుకోవడానికి అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని దక్షిణాదికి వచ్చే డీజిల్ ఎస్‌యూవీలు పెరిగాయి. ఒకప్పుడు అరకోటికి పైన పలికిన బండి ఇప్పుడు కొత్త హ్యాచ్‌బ్యాక్ ధరకు వస్తోంది. బండి ధర పడిపోయింది గానీ దాని స్పేర్ పార్టుల ధర పడలేదు, బరువూ తగ్గలేదు. సగం కథ ఇక్కడే ఉంది.

ముందు బరువు సంగతి. మెర్సిడెస్ జీఎల్ లాంటి ఏడు సీట్ల బండి ఖాళీగానే 2,400 కిలోల దాకా తూగుతుంది. అంత బరువును గంటకు 100 కి.మీ. వేగం నుంచి ఆపాలంటే 9 లక్షల జౌళ్లకు పైగా శక్తిని నాలుగు డిస్కుల మీద వేడిగా మార్చాలి. మూడు లీటర్ల నీళ్లు తెర్లడానికి సరిపోయే వేడి అది, కొన్ని సెకన్లలో పుట్టాలి. మామూలు మనిషి కాలి బలం ఒక్కటే దీనికి చాలదు. అందుకే బూస్టర్.

బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు, ఇంజనుకు వెనక గోడకు ఆనుకుని గుండ్రటి నల్ల డబ్బా ఒకటి ఉంటుంది. దాని ముందు, పెడల్ తోపుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చి చక్రాలకు పంపే మాస్టర్ సిలిండర్, ఆ పైన బ్రేక్ ఆయిల్ డబ్బా. నల్ల డబ్బా లోపల రబ్బరు పొర అడ్డంగా ఉండి దాన్ని రెండు గదులు చేస్తుంది. రెండు గదుల్లోంచీ గాలిని లాగేసి ఉంచుతారు. పెట్రోలు బండిలో ఆ పని ఇంజను పీల్చుకునే గాలే చేస్తుంది, డీజిల్ బండిలో ప్రత్యేకంగా వాక్యూమ్ పంపు ఉంటుంది. పెడల్ తొక్కగానే ఒక కవాటం తెరుచుకుని మన వైపు గదిలోకి బయటి గాలి వస్తుంది, అవతలి గది ఖాళీగానే ఉంటుంది. ఆ తేడాయే రబ్బరు పొరను ముందుకు తోస్తుంది. పొర వ్యాసం 10 అంగుళాలు, ఒత్తిడి తేడా 0.7 బార్ అనుకుంటే తోపుడు బలం దాదాపు 360 కిలోలు. మన కాలు పెట్టే పది, పదిహేను కిలోలు దీనికి ఆరంభం మాత్రమే. కానీ ఇంకో సంగతి మరిచిపోకూడదు. పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌కు పోయే కడ్డీ ఈ డబ్బా మధ్యలోంచే వెళ్తుంది. అంటే బూస్టర్ సాయం చేసేది మాత్రమే కాదు, దారి కూడా అదే.

సాయం పోవడం, దారి తెగడం పూర్తిగా వేరు ప్రమాదాలు. 2022లో మెర్సిడెస్ బెంజ్ చేసిన రీకాల్‌లో ఈ రెండూ ఒకే డబ్బాలో కలిశాయి.

ఆ ఏడాది మే నెలలో అమెరికాలో దాదాపు 2 లక్షల 92 వేల బండ్లను కంపెనీ వెనక్కి పిలిచింది. 2006 నుంచి 2012 దాకా మోడళ్ల ఎంఎల్, జీఎల్, ఆర్ క్లాస్ బండ్లవి. జూన్ వచ్చేసరికి సంగతి ప్రపంచవ్యాప్తమైంది. జర్మనీ రవాణా సంస్థ కేబీఏ లెక్క ప్రకారం 2004–2015 మధ్య తయారైన 9,93,407 బండ్లు ఇందులోకి వచ్చాయి. రీకాల్స్ రోజూ వస్తూనే ఉంటాయి, చాలావరకు "వీలు చూసుకుని సర్వీసుకు రండి" అన్న తరహావి. ఇందులో మాత్రం కంపెనీ సూటిగా చెప్పింది: తనిఖీ అయ్యేదాకా బండి నడపవద్దు, మేమే టోయింగ్ చేయించి తెప్పించుకుంటాం. పదేళ్లు, పదిహేనేళ్ల నాటి బండ్ల గురించి ఒక తయారీదారు అంత మాట అనడం అరుదు.

కారణం వింటే ఇంతేనా అనిపిస్తుంది. బూస్టర్ డబ్బా చుట్టూ ఒక రబ్బరు తొడుగు ఉంది. ఏళ్ల తరబడి నీళ్లు బాగా తగిలిన బండ్లలో ఆ తొడుగు కింద తేమ చేరి ఎండకుండా ఉండిపోయింది. లోపల డబ్బా రేకు అతుకు దగ్గర తుప్పు పట్టింది. పైన తొడుగు ఉంది కాబట్టి బానెట్ ఎత్తి చూసినా కనపడదు. సర్వీసులో ఆయిల్ మార్చే కుర్రాడికీ కనపడదు, షోరూములో మెరిసే బండిని చూస్తున్న మీకూ కనపడదు.

తుప్పు ముదిరేకొద్దీ మొదట జరిగేది గాలి లీకు. బయటి గాలి లోపలికి చొరబడితే వాక్యూమ్ నిలవదు, బ్రేకు సాయం తగ్గుతుంది. పెడల్ తొక్కినప్పుడు తేడాగా అనిపించడం, బుస్సుమని గాలి పీల్చిన చప్పుడు రావడం దీని ముందస్తు సూచనలని కంపెనీయే చెప్పింది. ఇంతవరకు ఫరవాలేదు, బండి ఆగుతుంది, కష్టంగానైనా ఆగుతుంది. భయపెట్టింది దీని తరువాతి మెట్టు. తుప్పు బాగా తిన్న డబ్బా మీద, అడ్డంగా ఎవరో వచ్చారని శక్తంతా పెట్టి బ్రేకు తొక్కితే, రేకు తట్టుకోలేక బూస్టర్ విరిగిపోవచ్చు. అప్పుడు పెడల్‌కూ బ్రేకులకూ మధ్య బంధమే తెగిపోతుంది. అంటే బ్రేకు అన్నిటికంటే ఎక్కువ అవసరమైన క్షణంలోనే పోతుంది. అందుకే బండి కదిలించవద్దన్నారు. సర్వీసు సెంటర్లలో ఆ తొడుగు తీసి చూశారు. తుప్పు ముదరని బండ్లను తిరిగి ఇచ్చారు, ముదిరినవాటికి మరో పరీక్ష చేశారు, నిలవనివాటికి బూస్టర్ ఉచితంగా మార్చారు. అలాంటి పరిస్థితిలోనూ కాలితో నొక్కే పార్కింగ్ బ్రేకు పనిచేస్తుందని కంపెనీ గుర్తు చేసింది. ఆ పార్కింగ్ బ్రేకు పాత బండ్లలో ఏ స్థితిలో ఉంటుందో చివర్లో చూద్దాం.

పెడల్ దారి తెగే ప్రమాదం ఈ మూడు మోడళ్లకే పరిమితం కాదు. 2016 మార్చిలో ఫోక్స్‌వాగన్ టువారెగ్, పోర్షే కయెన్ బండ్లను ప్రపంచవ్యాప్తంగా 8 లక్షల దాకా వెనక్కి పిలిచారు. పెడళ్లను పట్టి ఉంచే బ్రాకెట్‌లో ఒక చిన్న సర్‌క్లిప్ వదులవుతుందని తేలింది. అక్కడ తుప్పూ లేదు, వయసూ లేదు, ఉన్నది క్లిప్పు ఒక్కటే. తయారీలో వచ్చిన లోపమైతే తక్కువ తిరిగిన బండిలోనూ అంతే ఉంటుంది.

సాయం పోయినప్పుడు ఎంత తేడా వస్తుందో యూరప్ నిబంధనల్లో ఉన్న అంకెలు చెబుతాయి. అన్నీ సవ్యంగా ఉన్న కారు గంటకు 100 కి.మీ. వేగం నుంచి 70 మీటర్లలో ఆగాలి. వ్యవస్థలో ఒక భాగం దెబ్బతిన్నప్పుడు 168 మీటర్లలో ఆగితే చాలంటారు, అదీ కాలితో 50 కిలోల బలం దాకా పెట్టి. అంటే బూస్టర్ పోయాక కూడా బండి ఆగేలా కట్టారు, కానీ ఇంకో 98 మీటర్ల దారి కావాలి, ముందున్న లారీ అంత దూరం ఇవ్వదు. "బ్రేక్ ఫెయిల్" అని చెప్పే చాలా సంఘటనల్లో నిజానికి బ్రేకు ఉంది. పెడల్ బండలా బిగుసుకుంటే నడిపేవారు కంగారు పడి కాలు తీసి మళ్లీ మళ్లీ తొక్కుతారు, బూస్టర్‌లో మిగిలిన కొద్ది వాక్యూమ్ కూడా అలా అయిపోతుంది. ఇంజను ఆగిపోయినా బూస్టర్‌లో ఒకటి, రెండు సార్లకు సరిపడా సాయం దాగి ఉంటుంది. అందుకే పెడల్ గట్టిపడితే కాలు తీయకుండా, రెండు కాళ్లతోనైనా సరే, బలంగా నొక్కి పట్టాలి.

పెడల్ గట్టిపడితే బూస్టర్ వైపు చూడాలి. మెత్తబడితే ఆయిల్ వైపు. ఈ రెండో రకం మన ఘాట్ రోడ్లకు బాగా తెలిసిందే.

బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ తరగతి ద్రవం, గాలిలో తేమను పీలుస్తుంది. మూత ఎంత బిగించినా హోస్ పైపుల రబ్బరు గుండా, డబ్బా మూతలోని సన్నటి రంధ్రం గుండా తేమ లోపలికి పోతూనే ఉంటుంది. డాట్ 4 అనే ప్రమాణం ప్రకారం చేసిన కొత్త ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరాక ప్రమాణం ఒప్పుకునే కనీస మరుగు 155 డిగ్రీలు. ఆయిల్ మరిగిన చోట ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. దాంతో పెడల్ స్పాంజిలా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. తిరుమల కొండ దిగే మొదటి ఘాట్ రోడ్డు తీసుకోండి. 1944 నాటి దారి, 36 మలుపులు, ఎత్తులో తేడా 700 మీటర్ల దాకా. 2,400 కిలోల బండి అంత ఎత్తు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 1 కోటి 65 లక్షల జౌళ్లు. గంటకు 100 వేగం నుంచి 17, 18 సార్లు వరుసగా ఆపినట్టు. గేరు తగ్గించి దిగితే అందులో కొంత ఇంజనే పట్టి ఆపుతుంది, మిగిలింది బ్రేకుల మీద పడుతుంది. ఆటోమేటిక్ గేరు డి లోనే వదిలేసి కొండంతా బ్రేకు మీదే దిగేవారు ఇంజనుకు ఏమీ మిగల్చరు. స్టీరింగ్ వెనక గేరు తగ్గించే మీటలు ఈ బండ్లలో ఇచ్చింది అందుకే, రేసింగ్ సరదా కోసం అనుకుని ఎవరూ ముట్టుకోరు.

మెర్సిడెస్ ఈ ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్చమంటుంది. కిలోమీటర్లతో నిమిత్తం లేదు. ఏడాదికి మూడు వేలు తిరిగే బండి యజమాని "ఇంకా పదివేలు కూడా కాలేదు, సర్వీసెందుకు" అనుకుంటాడు. అలా నాలుగైదేళ్లు గడిచాక ఆయిల్ టీ డికాక్షన్ రంగుకు వస్తుంది. అంతలో చేరిన నీరు ఆయిల్‌ను మరిగించడంతో ఊరుకోదు. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) బ్లాకులోని సన్నటి కవాటాలను, మాస్టర్ సిలిండర్ లోపలి గోడను, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిస్టన్లను లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. ఏబీఎస్ బ్లాకు పోతే వచ్చే బిల్లు చూశాక మరిచిపోయిన ఆయిల్ మార్పులు గుర్తొస్తాయి.

రబ్బరు గొట్టాల కథా ఇలాంటిదే. 2015లో అమెరికాలో ల్యాండ్ రోవర్ సంస్థ 2006–2012 మోడళ్ల రేంజ్ రోవర్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది, ముందు చక్రాల బ్రేక్ హోస్‌లు చిట్లవచ్చని. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ, సస్పెన్షన్ లేచి దిగిన ప్రతిసారీ ఆ గొట్టం వంగుతుంది. బయట పగుళ్లు కనపడితే అదృష్టమే. కొన్నిసార్లు హోస్ బయటికి బాగానే ఉండి లోపలి పొర ఉబ్బి మూసుకుపోతుంది. ఆయిల్ కాలిపర్ వైపు వెళ్తుంది, కాలు తీసినప్పుడు వెనక్కి రాదు. ఒక చక్రం బ్రేకు పట్టుకునే ఉండిపోతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది, ఆ చక్రం దగ్గర కాలిన వాసన వస్తుంది. మెకానిక్ కాలిపర్ మార్చి పంపిస్తాడు. వారం తరువాత అదే కథ.

ఇక వాక్యూమ్ బూస్టరే లేని బండ్లు. టొయోటా ల్యాండ్ క్రూయిజర్ 100, దాని లెక్సస్ రూపం ఎల్‌ఎక్స్ 470 బండ్లలో బూస్టర్ పని ఒక విద్యుత్ పంపు చేస్తుంది. అది బ్రేక్ ఆయిల్‌నే తీవ్రమైన ఒత్తిడితో అక్యుమ్యులేటర్ అనే గుండులో నింపి ఉంచుతుంది, మన కాలు ఆ నిల్వను వాడుకుంటుంది. ఏర్పాటు గట్టిదే, కానీ పంపు మోటారు బ్రష్‌లు అరుగుతాయి, అక్యుమ్యులేటర్ లోపలి వాయువు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. పెడల్ ముట్టుకున్న ప్రతిసారీ పంపు ఝుమ్మని పరుగెత్తుతుంటే నిల్వ నిలవడం లేదని అర్థం. నిల్వ పూర్తిగా పోతే బజర్ మోగుతుంది, ఎర్ర దీపం వెలుగుతుంది, బ్రేకు బలం బాగా పడిపోతుంది. బజర్ విసిగిస్తోందని వైరు పీకేసిన బండ్లు కూడా అమ్మకానికి వస్తాయి, జాగ్రత్త.

ప్యాడ్లు, డిస్కుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అసలువని చెప్పి అమ్మే నకిలీ ప్యాడ్లు చాలా ఉన్నాయి, బిల్లు లేకుండా కొనకండి. డిస్కు మీద దాని కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. లేత్‌లో నున్నగా చేయించాక ఆ మందం మిగలకపోతే, ఎంత మెరిసినా పక్కన పడేయాల్సిందే. నిలబెట్టిన బండ్లలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో, కాలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోతాయి. బయటి ప్యాడు కొత్తగా ఉండి లోపలిది ఇనుము దాకా అరిగి కనిపిస్తే కారణం అదే.

అసలు చిక్కు స్పేర్ పార్టుల దగ్గర వస్తుంది. బూస్టర్, ఏబీఎస్ బ్లాకు, నాలుగు డిస్కులు కొత్తవి వేయిస్తే బండి కొన్న ధరలో చెప్పుకోదగ్గ భాగం అవుతుంది. అప్పుడు స్క్రాప్ బండిలోంచి తీసిన బూస్టర్ ముందుకొస్తుంది. తలుపో, సీటో, ఆల్టర్నేటరో పాతది వేసుకోవడంలో తప్పు లేదు. కానీ అదే వయసున్న, అదే తుప్పుకు గురైన బూస్టర్‌ను ఇంకో పాత బండిలోంచి తెచ్చి వేయడమంటే సమస్యను చాసిస్ నంబరు మార్చి కొనుక్కోవడమే. బ్రేకు భాగాల్లో పాతవి వేసే మెకానిక్ ఎంత మంచివాడైనా నేను ఒప్పుకోను.

కొనేముందు షోరూములోనే, బండి కదల్చకుండా చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఇంజను ఆపి ఉండగా పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే నొక్కి పట్టి ఇంజను స్టార్ట్ చేయండి. పెడల్ కాలికింద కొంచెం దిగాలి. దిగకపోతే బూస్టర్‌కు వాక్యూమ్ అందడం లేదు. తరువాత ఇంజను ఆపి ఐదు నిమిషాలు కబుర్లు చెప్పి వచ్చి తొక్కండి. మొదటి తొక్కుడు మెత్తగా, సాయంతో ఉండాలి. అప్పటికే బండలా ఉంటే డబ్బా ఎక్కడో గాలి పీలుస్తోంది. మూడోది: ఇంజను నడుస్తుండగా పెడల్‌ను మోస్తరు బలంతో నిమిషంపాటు అలాగే పట్టి ఉంచండి. నెమ్మదిగా నేల వైపు జారుతుంటే మాస్టర్ సిలిండర్ సీలు లేదా ఎక్కడో లీకు. ఏసీ, మ్యూజిక్ ఆపేసి చేయండి, బుస్సుమనే చప్పుడు వినాలి కదా. ల్యాండ్ క్రూయిజర్ 100 లాంటి పంపు బండిలో మొదటి రెండు పరీక్షలకు అర్థం ఉండదు, అక్కడ పంపు చప్పుడునే వినాలి.

పార్కింగ్ బ్రేకు సంగతి చూద్దామన్నాను. ఎంఎల్, జీఎల్‌లలో అది ఎడమ కాలి పెడల్, విడుదల చేసే మీట డ్యాష్‌బోర్డు మీద. వెనక డిస్కుల మధ్య ఉన్న చిన్న డ్రమ్ములో విడిగా షూలు ఉంటాయి. ఆటోమేటిక్ బండి అని ఎప్పుడూ పి లోనే వదిలేసేవారు దాన్ని ఏళ్లపాటు ముట్టుకోరు. షూలు తుప్పు పట్టి, కేబుల్ సాగి, అవసరం పడ్డ రోజున సగమే పనిచేస్తుంది. వాలు రోడ్డు మీద న్యూట్రల్‌లో పెట్టి ఆ ఒక్క బ్రేకుతో బండి నిలుస్తుందో లేదో చూడండి. నడుస్తున్నప్పుడు ప్రధాన బ్రేకు పోతే గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ, పార్కింగ్ పెడల్‌ను ఒక్కసారిగా తన్నకుండా, మీట చేత్తో లాగి పట్టుకుని కొంచెం కొంచెంగా నొక్కాలి. ఒకేసారి తొక్కితే వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి గిర్రున తిరగవచ్చు. ఇంజను మాత్రం ఆపకూడదు, స్టీరింగ్ సాయం కూడా దాంతోనే పోతుంది.

అమెరికాలో ఉంటూ ఇలాంటి బండి వాడుతున్న తెలుగువారికి కొంత నయం. అక్కడి ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో బండి 17 అక్షరాల నంబరు కొడితే పూర్తికాని రీకాల్ ఉందో లేదో వెంటనే తెలుస్తుంది. రీకాల్ బండిని అంటుకుని ఉంటుంది, యజమానిని కాదు. రీకాల్ సంగతి చెప్పే ఉత్తరం మొదటి యజమాని పాత ఇంటికి వెళ్లి ఉండవచ్చు. అక్కడి చట్టం 15 ఏళ్ల దాకా ఉచిత మరమ్మతును కంపెనీ బాధ్యతగా ఉంచింది. ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడి నుంచి వచ్చిన బండికి తుప్పు ఎక్కువ. టెక్సాస్‌లో ఉండి ఆన్‌లైన్‌లో మిషిగన్ బండి కొనేవారు ఈ సంగతి చూసుకోవాలి.

మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల కింద ప్రభుత్వం తప్పనిసరి రీకాల్‌కు ఆదేశించగలిగేది ఏడేళ్ల లోపు బండ్ల విషయంలోనే. మనం మాట్లాడుకుంటున్న బండ్లలో ఒక్కటీ ఆ గీత లోపల లేదు. కంపెనీ తనంతట తాను చేసే రీకాల్ మీదే ఆధారపడాలి. కాబట్టి బేరం కుదుర్చుకునే ముందు చాసిస్ నంబరు తీసుకుని ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి. ఈ నంబరు మీద బ్రేకు రీకాల్ ఏదైనా ఉందా, ఉంటే పని పూర్తయిందా, బ్రేక్ ఆయిల్ చివరిసారి ఏ తేదీన మార్చారు అని అడగండి. ఎంఎల్, జీఎల్, ఆర్ క్లాస్ అయితే బూస్టర్ మీది రబ్బరు తొడుగు తీసి చూశారా అని కూడా. అమ్మేవారు చాసిస్ నంబరు ఇవ్వడానికి వెనకాడితే ఆ బేరం అక్కడితో వదిలేయండి.